చివరి పెట్టె దాటేవరకు

జర్మనీ వెళ్ళి ఏం చూసి వచ్చారని అడిగినవారికి మేం చెప్పే జవాబు కొంత విడ్డూరంగా తోస్తుంది. రైళ్ళు చూసి వచ్చాం. అందులోనూ ప్రయాణికుల బండ్లకంటే గూడ్సు బండ్లే ఎక్కువగా చూశాం. "మన కాజీపేటలో లేని గూడ్సు బండ్లా అమ్మా?" అని మా పక్కింటి ఖాలా నవ్వారు. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. అయినా ఆ పది రోజులు మా ఇంటి మూడు తరాలవారిని ఒక నది ఒడ్డున కూర్చోబెట్టి, ఒకేవైపు చూసేలా చేశాయి. ఆ సంగతి పాఠకులతో పంచుకోవాలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అబ్బా ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో పనిచేశారు. అందులో అధికభాగం గూడ్సు గార్డుగానే గడిచింది. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. కానీ అప్పటికే పదవీ విరమణ చేసి ఉన్న అబ్బాకు గార్డు అన్న మాటే సొంతమైన మాట. అమ్మీ అల్లాహ్ సన్నిధికి చేరుకున్న తర్వాత ఆయన మాటలు బాగా తగ్గిపోయాయి. నమాజుకు వెళ్ళి రావడం, వార్తాపత్రిక చదవడం, వరండాలో కూర్చోవడం, అంతే. మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. వాడికి రైలింజన్లంటే ప్రాణం. ఏ ఇంజను ఏ తరగతికి చెందింది, ఎన్ని గుర్రాల శక్తి కలది అన్నది అడగకుండానే చెబుతాడు. తాతా మనుమలిద్దరూ రైలు మనుషులే. ఒకే కప్పు కింద ఉంటున్నారు. అయినా వారిద్దరి మధ్య "తిన్నావా బేటా", "తిన్నాను నానా" అన్నంతకు మించి మాటలు సాగేవి కావు. ఒకరు పట్టాల మీద బతికిన మనిషి, మరొకరు తెరమీద ఇంజన్లను చూసి పెరిగిన పిల్లవాడు. ఇద్దరి రైళ్ళూ వేరు.

మా తమ్ముడు కొబ్లెంజ్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. మోజెల్ నది వచ్చి రైన్ నదిలో కలిసేది అక్కడే. వేసవి సెలవుల్లో అబ్బాను, అబ్బాయిని తీసుకుని రమ్మని పట్టుబట్టాడు. మే నెలాఖరులో వెళ్ళాం. కోటలు, మ్యూజియములు, అంగళ్ళు అని తమ్ముడూ మరదలూ ఒక పెద్ద జాబితా తయారుచేసి ఉంచారు. రెండోరోజు నది ఒడ్డున నిలబడి ఎదుటి గట్టున పోతున్న ఒక గూడ్సు బండిని చూసిన తర్వాత ఆ జాబితాను మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఆ లోయ ఎటువంటిదో ముందు చెప్పాలి. రైన్ నది స్విట్జర్లాండులోని ఆల్ప్స్ పర్వతాల్లో పుట్టి, సుమారు 1,230 కిలోమీటర్లు ప్రవహించి, నెదర్లాండ్స్ దగ్గర ఉత్తర సముద్రంలో కలుస్తుంది. బింగెన్ నుంచి కొబ్లెంజ్ వరకు, సుమారు 65 కిలోమీటర్ల మేర, అది పలకరాతి కొండలను కోసుకుంటూ ఇరుకైన లోయలో సాగుతుంది. కొండవాలు మీద మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు, శిఖరాల మీద పాతకాలపు కోటలు, కింద నీళ్ళను ఆనుకుని చిన్న చిన్న ఊళ్ళు. ఈ భాగాన్ని 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల్లో చేర్చింది. పాపికొండల మధ్య గోదావరిని చూసినవారు ఆ ఇరుకును కొంతవరకు ఊహించుకోగలరు. అయితే అక్కడ నదికి రెండువైపులా రోడ్లున్నాయి, రెండువైపులా రైలు పట్టాలున్నాయి. నది మీద సరుకుల పడవలు తిరుగుతూనే ఉంటాయి. కొండకూ నీటికీ మధ్య దొరికిన కాస్త జాగాలోనే ఇవన్నీ సర్దుకోవాలి.

రెండువైపులా పట్టాలు ఎందుకని అబ్బాకు సందేహం వచ్చింది. చరిత్రలోనే జవాబు ఉంది. 19వ శతాబ్దం మధ్యలో ఆ లోయలో ఎడమ ఒడ్డు ప్రష్యా రాజ్యానిది, కుడి ఒడ్డు నస్సావ్ అనే చిన్న సంస్థానానిది. ఎవరి ఒడ్డు మీద వారికి మార్గం కావలసి వచ్చింది. ఎడమ ఒడ్డున 1859 నాటికి, కుడి ఒడ్డున 1862 నాటికి రైళ్ళు నడిచాయి. 1866లో నస్సావ్ ప్రష్యాలో కలిసిపోయింది. సరిహద్దు చెరిగిపోయింది గాని పట్టాలు మాత్రం రెండు మార్గాలుగానే నిలిచాయి. విశేషమేమిటంటే, బింగెన్‌కూ కొబ్లెంజ్‌కూ నడుమ నది మీద ఈనాటికీ వంతెన లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెళ్ళాలంటే పంటు ఎక్కవలసిందే. కార్లు కూడా పంటు మీదే దాటుతాయి.

నేడు ఎడమ ఒడ్డు మార్గంలో ప్రయాణికుల బండ్లు ఎక్కువ. కుడి ఒడ్డు మార్గం ప్రధానంగా గూడ్సు బండ్లది. కొలోన్, ఫ్రాంక్‌ఫర్ట్ నగరాల మధ్య గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచే కొత్త మార్గం 2002లో తెరుచుకున్నాక, తొందరలో ఉన్న ప్రయాణికులు చాలామంది అటువైపు మళ్ళారు. లోయలో మిగిలిన పెద్ద పని సరుకుల రవాణా. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవు నుంచి స్విట్జర్లాండు మీదుగా ఇటలీలోని జెనోవా రేవుకు వెళ్ళే సరుకుల దారిలో ఈ లోయ ఒక ముఖ్యమైన భాగం. కాబట్టి జర్మనీ ఇంజన్లే కాదు, స్విస్ ఇంజన్లూ, పలు ప్రైవేటు సంస్థల ఇంజన్లూ అక్కడ కనిపిస్తాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, వెండి రంగుల్లో అవి ఒకదాని వెనుక ఒకటి వస్తుంటే మా అబ్బాయి ఊపిరి బిగబట్టి చూసేవాడు.

రైళ్ళ ఛాయాచిత్రాలు తీయడం అక్కడ చాలామందికి ఇష్టమైన వ్యాపకం. పొద్దున్నే వచ్చి, ఒక రాతి గోడ మీద కూర్చుని, ఫ్లాస్కులోని కాఫీ తాగుతూ ఎదురుచూసే నడివయసువారిని, ముసలివారిని ఎందరినో చూశాం. కొందరి దగ్గర చిన్న మడత నిచ్చెన కూడా ఉంది, గడ్డీ కంచే అడ్డం రాకుండా దాని మీద నిలబడి తీయడానికి. వారిలో ఒక పెద్దమనిషి మా అబ్బాయికి వెలుగు సంగతి నేర్పాడు. నది ఇక్కడ ఆగ్నేయం నుంచి వాయవ్యంగా పారుతుంది. ఎడమ ఒడ్డు తూర్పును చూస్తూ ఉంటుంది. కనుక ఉదయపు ఎండ ఎడమ ఒడ్డు రైళ్ళ మీద పడుతుంది. పొద్దున కుడి ఒడ్డున నిలబడి నది అవతలికి గురిపెట్టాలి. మధ్యాహ్నం దాటాక పంటు ఎక్కి ఎడమ ఒడ్డుకు వచ్చి, అక్కడి నుంచి కుడి ఒడ్డు రైళ్ళను తీయాలి. సూర్యుడు ఎప్పుడూ మన వీపు వెనుక ఉండాలి. ఆ నెలలో రాత్రి తొమ్మిదిన్నర దాకా పొద్దు గుంకదు కాబట్టి తొందరపడనవసరం లేదు. ఆయన మాటలను తమ్ముడు తెలుగులో చెబుతుంటే అబ్బాయి శ్రద్ధగా విన్నాడు.

మూడోరోజు ఉదయం కౌబ్ అనే ఊరికి వెళ్ళాం. అది కుడి ఒడ్డున ఉంది. నది నడుమ ఒక రాతి దిబ్బ మీద తెల్లని చిన్న కోట, నీళ్ళలో లంగరు వేసిన ఓడలా కనిపిస్తుంది. పడవల నుంచి సుంకం వసూలు చేయడానికి 14వ శతాబ్దంలో కట్టినది. ఆ కోట వెనుక, అవతలి ఒడ్డున, ఎడమ మార్గం రైళ్ళు పోతుంటాయి. ఇవతల మన వెనుకే, ఊరికీ నదికీ నడుమ, కుడి మార్గం రైళ్ళు పోతుంటాయి. ఎటు తిరిగినా రైలే. ఎరుపు ఇంజను లాగుతున్న ఒక పొడవాటి గూడ్సు బండి మా దగ్గరగా వచ్చింది. అబ్బాయి కెమెరా టకటకమని మోగింది. ఇంజను దాటగానే వాడు కెమెరా దించి, తెరమీద బొమ్మ ఎలా వచ్చిందో చూసుకోవడంలో మునిగిపోయాడు. పెట్టెలు ఇంకా పోతూనే ఉన్నాయి.

"బేటా, బండి ఇంకా పోలేదు," అన్నారు అబ్బా.

వాడు తలెత్తి చూశాడు. అబ్బా కుడిచేయి కొద్దిగా పైకెత్తి, నిటారుగా నిలబడి, పోతున్న పెట్టెలను ఒక్కొక్కటిగా చూస్తున్నారు. చివరి పెట్టె వచ్చింది, దాటిపోయింది. దాని వెనుక ఎరుపు, తెలుపు రంగుల చిన్న పలకలు రెండు, అంతే. అబ్బా చేయి మెల్లగా కిందికి దిగింది.

"బ్రేకు వ్యాను ఏదిరా? గార్డు లేడా?" అని తమ్ముడిని అడిగారు.

ఇక్కడ గూడ్సు బండ్లకు గార్డు ఉండడనీ, ఇంజనులో డ్రైవరు ఒక్కడేననీ తమ్ముడు చెప్పాడు. బండి మొత్తం దాటిందో లేదో తెలుసుకోవడానికి పట్టాల పక్కన ఇరుసులను లెక్కించే యంత్రాలుంటాయి. ఒక సెక్షనులోకి వెళ్ళేటప్పుడు ఎన్ని ఇరుసులు లెక్కకు వచ్చాయో, బయటికి వచ్చేటప్పుడూ అన్నే రావాలి. లెక్క సరిపోతేనే ఆ సెక్షను ఖాళీ అయినట్టు. లెక్క తప్పితే వెనుక బండికి దారి దొరకదు. అబ్బా శ్రద్ధగా విన్నారు. మన దేశంలోనూ ఇరుసులు లెక్కించే యంత్రాలు వచ్చాయని, కొన్ని గూడ్సు బండ్ల చివర గార్డుకు బదులు ఒక పరికరం బిగించి నడపడం మొదలైందని ఆయనకు తెలుసు. తెలియడం వేరు, గార్డు లేని బండి కళ్ళ ముందు నుంచి పోవడం వేరు. ఒడ్డున ఉన్న బల్ల మీద కూర్చుని ఆయన చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు.

ఆ తర్వాత ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. మాట్లాడించింది మేం కాదు. "నానా, చివరి పెట్టెలో మీరు ఏం చేసేవారు?" అని అబ్బాయి అడిగిన ఒక్క ప్రశ్న.

గూడ్సు బ్రేకు వ్యాను అంటే బండి తోకకు తగిలించిన ఒక చిన్న ఇనుప గది. ఆయన పనిచేసిన రోజుల్లో అందులో ఫ్యాను లేదు, దీపం లేదు, మరుగుదొడ్డి లేదు. వేసవిలో ఇనుము కాలుతుంది, చలికాలంలో గాలి కోస్తుంది. ఎర్రజెండా, పచ్చజెండా, చేతిలాంతరు, టెయిల్ ల్యాంపు, కాగితాలు సర్దుకున్న ఇనుప పెట్టె, ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిను. సింగరేణి బొగ్గు నింపుకున్న బండి కాజీపేట నుంచి బల్లార్షా వైపు బయలుదేరితే ఎప్పుడు చేరుతుందో చెప్పలేం. ఎక్స్‌ప్రెస్ బండ్లకు దారి ఇస్తూ లూపులైన్లలో గంటల తరబడి నిలబడాలి. రామగుండం దాటాక గోదావరి వంతెన మీద అర్ధరాత్రి బండి పోతుంటే, చుట్టూ చీకటి, కింద నది, ముందు అరకిలోమీటరు దూరంలో ఎక్కడో ఇంజను. ఆ తోకలో ఉన్న ఒక్క మనిషి పని ఏమిటంటే, మెలకువగా ఉండటం.

"ప్రతి స్టేషనులో మాస్టరు బయటికి వచ్చి నిలబడతాడు బేటా. ఇంజనును చూసి లోపలికి పోడు. నా వ్యాను వచ్చేదాకా ఉంటాడు. నేను పచ్చజెండా చూపిస్తాను, ఆయనా చూపిస్తాడు. నా వెనుక దీపం చూశాకే, బండి పూర్తిగా వచ్చిందని పక్క స్టేషనుకు చెబుతాడు. మధ్యలో బండి తెగి నాలుగు పెట్టెలు వెనక ఉండిపోతే, వాటిని వచ్చే బండి గుద్దుతుంది. అందుకని చివరి పెట్టె చూడకుండా బండి దాటిందనకూడదు."

కొంచెం ఆగి ఇంకో మాట అన్నారు. "ఊళ్ళ పక్కన పోతుంటే పిల్లలు పరుగెత్తుకొచ్చి ఇంజనుకు చేతులు ఊపేవాళ్ళు. నా వ్యాను వచ్చేసరికి ఆటలోకి వెళ్ళిపోయేవాళ్ళు. ఎప్పుడో ఒక పిల్లవాడు నిలబడి ఉండేవాడు. వాడి కోసం నేను జెండా ఊపేవాణ్ణి."

నేను ఆయన కూతుర్ని. ముప్పై ఏళ్ళ పైబడి ఆయన డ్యూటీకి వెళ్తుంటే టిఫిను డబ్బా అందించిన ఇంట్లో పెరిగినదాన్ని. ఆ మాట అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఇంటికి వచ్చేసరికి ఆయనకు నిద్రే సరిపోయేది. పగటిపూట అబ్బా పడుకుంటే అమ్మీ మమ్మల్ని గుసగుసగా మాట్లాడమనేది. ఆయన రాత్రుల గురించి మాకు తెలిసింది ఆ నిశ్శబ్దం మాత్రమే.

ఆ రోజు నుంచి అబ్బాయి తీరు మారింది. ఇంజను దాటాక కెమెరా దించడం మానేశాడు. అబ్బా పెట్టెలు లెక్కపెడితే వాడు పుస్తకంలో రాసేవాడు. బండి వచ్చిన సమయం, ఇంజను నంబరు, పెట్టెల రకం, పెట్టెల సంఖ్య. ఆ మార్గంలో గూడ్సు బండి 740 మీటర్ల దాకా ఉండవచ్చట. లెక్క తప్పకుండా చూడాలంటే రెప్ప వేయకూడదు. పెట్టెలను చూడటం మొదలుపెట్టాక ఒక దేశపు సంసారమంతా వాటిలో కనిపించసాగింది. రెండు అంతస్తులుగా పేర్చిన కొత్త కార్లు, ఓడల నుంచి దిగిన కంటైనర్లు, ఉక్కు చుట్టలు, రసాయనాల ట్యాంకులు. ట్యాంకుల మీద నారింజ రంగు పలక ఉంటుంది. దానిమీద పైన ఒక అంకె, కింద ఒక అంకె. పైది ప్రమాదం ఎటువంటిదో చెబుతుంది, కిందది సరుకేమిటో చెబుతుంది. పైన 33, కింద 1203 అని ఉంటే అది పెట్రోలు. ఈ సంగతి అబ్బాయి కనిపెట్టి తాతకు చెప్పాడు. తాత తన వంతుగా బఫర్లనూ, మరతో బిగించే కప్లింగునూ చూపించి, "నేను చేరిన కొత్తలో మనకూ ఇవే ఉండేవి, ఇద్దరు పెట్టెల మధ్య దూరి బిగించాల్సి వచ్చేది" అని చెప్పారు. అక్కడి పట్టాల వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. "అందుకే ఈ బండ్లు నడుం బిగించినట్టు సన్నగా ఉన్నాయి" అని ఆయన నవ్వారు. అమ్మీ పోయాక అబ్బా నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

మధ్యాహ్నాలు పంటు మీద కారుతో సహా అవతలికి దాటి, సాంక్ట్ గోవార్ వైపు వెళ్ళేవాళ్ళం. అక్కడ నది బాగా ఇరుకై, లోతై, మెలిక తిరుగుతుంది. ఎదురుగా లోరెలై అనే నిటారైన కొండ, నీటి మట్టం నుంచి సుమారు 132 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది. దాని పాదంలో సొరంగం తొలిచి రైలు మార్గం వేశారు. ఆ లోయలోని కొన్ని సొరంగాల ముఖద్వారాలను కోట బురుజుల్లా కట్టారు. బండి చీకట్లోంచి బురుజుల నడుమగా వెలుగులోకి వచ్చే క్షణం కోసం అందరూ కాచుకుని ఉంటారు. ముందు శబ్దం వస్తుంది. కొండలకు తగిలి అది ఎటునుంచి వస్తోందో తెలియదు. అబ్బా మాత్రం కళ్ళు మూసుకుని విని, "ఒక చక్రం చదునైంది, టకటకమంటోంది చూడు" అనేవారు. బండి బయటికి వచ్చాక ఆ పెట్టె ఏదో చూపించేవారు.

నమాజు వేళకు నది ఒడ్డున పచ్చిక మీద ఒక పక్కగా దుప్పటి పరుచుకునేవాళ్ళం. ప్రయాణికులకు ఉన్న సౌలభ్యం ప్రకారం జొహర్, అసర్ నమాజులు కుదించి చదివేవాళ్ళం. మన దగ్గర ఖిబ్లా పడమటివైపు కదా. అక్కడ ఆగ్నేయం. అంటే దాదాపుగా నది మనవైపు వచ్చే దిక్కు. వెలుగు కోసం అబ్బాయి ఫోనులో చూసే దిక్సూచే ఖిబ్లా కోసమూ పనికివచ్చింది. దారినపోయేవారు కాస్త తగ్గి నడిచి వెళ్ళారే తప్ప ఎవరూ ఇబ్బంది పెట్టలేదు.

ఛాయాచిత్రాల విషయంలో ఆ దేశపు పద్ధతి ఒకటి నాకు నచ్చింది. స్టేషనులో సొంతానికి బొమ్మలు తీసుకోవడానికి అభ్యంతరం ఉండదు. మనుషుల బొమ్మలను మాత్రం వారి అనుమతి లేకుండా ప్రచురించరాదని 1907 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ అమలులో ఉంది. దాని వెనుక ఒక కథ ఉంది. 1898లో బిస్మార్క్ మరణించినప్పుడు ఇద్దరు ఛాయాచిత్రకారులు రాత్రివేళ ఆయన పార్థివ దేహం ఉన్న గదిలోకి చొరబడి బొమ్మ తీశారు. ఆ దారుణం మీద చెలరేగిన వివాదం ఆ చట్టానికి ఒక కారణం. చనిపోయిన మనిషి ముఖానికీ మర్యాద ఉంటుందన్నమాట. మడత నిచ్చెన పెద్దమనిషి కూడా ప్లాట్‌ఫారం మీద పిల్లలు నిలబడి ఉంటే కెమెరా దించి, వారు జరిగేదాకా ఆగాడు. బండి పోతే పోయిందన్నాడు, ఇంకోటి వస్తుంది.

ఆ లోయను గురించి ఇంతవరకు అందమే చెప్పాను. ఆ అందం కింద ఒక కష్టం ఉంది. అది మాకు కౌబ్ ఊళ్ళోనే తెలిసింది. అక్కడ ఇళ్ళ వరుసను ఆనుకునే పట్టాలు. ఒక ఇంటి ముందు పూలకుండీలకు నీళ్ళు పోస్తున్న ఒక వృద్ధురాలు, మేం రోజూ రావడం చూసి తమ్ముడితో మాట కలిపింది. ఎక్కడివారు, ఏం చూస్తున్నారు అని అడిగింది. గూడ్సు బండ్లు అని వాడు చెప్పగానే ఆమె తల ఊపి, "మీరు సాయంత్రానికి వెళ్ళిపోతారు. ఇవి రాత్రి కూడా వస్తాయి" అంది. నిష్ఠూరంగా అనలేదు. ఎండ కాస్తోంది అన్నట్టుగా అంది.

ఆ లోయలోని ఊళ్ళవారు రైళ్ళ రొద మీద ఏళ్ళ తరబడి పోరాడారు. పగలు ప్రయాణికుల బండ్లకు దారి ఇవ్వాలి కాబట్టి గూడ్సు బండ్లకు రాత్రి చాలా అనువైన సమయం. రెండు కొండల మధ్య చప్పుడు చిక్కుకుని ఊళ్ళ మీదే తిరుగుతుంది. ఈ రొదకు ముఖ్య కారణం పాత పెట్టెలకు ఉండే పోత ఇనుము బ్రేకు బ్లాకులు. అవి చక్రాన్ని ఒరుసుకుని దాని అంచును గరుకుగా మారుస్తాయి. గరుకు చక్రం పట్టా మీద దొర్లితే రొద పుడుతుంది. వేరే పదార్థాలు కలిపి చేసిన కొత్త బ్లాకులు వేస్తే చక్రం నునుపుగా ఉంటుంది. శబ్దం పది డెసిబెళ్ళ దాకా తగ్గుతుంది, అంటే చెవికి సగమైనట్టు తోస్తుంది. జర్మనీ 2017లో చట్టం చేసి, 2020 డిసెంబరు 13 నుంచి రొద చేసే పాత గూడ్సు పెట్టెలు తన పట్టాల మీద తిరగకుండా నిషేధించింది.

ఇది విని అబ్బా ఆశ్చర్యపోలేదు. మన దగ్గర కూడా పోత ఇనుము బ్లాకులు పోయి కొత్తవి వచ్చిన రోజులు ఆయనకు తెలుసు. ఆయన అడిగింది వేరు. "ఇప్పుడు నిద్ర పడుతోందా అని ఆమెను అడుగు" అన్నారు. తమ్ముడు అడిగాడు. ఇరవై ఏళ్ళు వేసవిలో కూడా కిటికీ తెరిచి పడుకోలేదని, ఇప్పుడు కొన్ని రాత్రులు తెరుస్తున్నానని ఆమె చెప్పింది. చప్పుడు పోలేదు, మెత్తబడింది అంది. అబ్బా కొంతసేపు ఆలోచించి, "నేనూ రాత్రిపూట బండి నడిపించినవాణ్ణేనని చెప్పు. మా బండి వల్ల నిద్ర చెడినవాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళ ముఖాలు నేను చూడలేదు" అన్నారు. తమ్ముడు ఆ మాటలను జర్మను భాషలో చెప్పాడు. ఆమె నీళ్ళ డబ్బా కింద పెట్టి, అబ్బా కేసి చూసి, మీరు నిద్రపోకుండా ఉంటేనే కదా మా ఇంటికి బొగ్గూ గోధుమలూ వచ్చింది అన్న అర్థం వచ్చేలా ఏదో అంది. మరునాడు మేం వెళ్ళేసరికి పట్టాల వైపు ఉన్న ఆమె కిటికీ తెరిచి ఉంది. మమ్మల్ని చూసి చేయి ఊపింది.

ఇరుగుపొరుగు హక్కు గురించి మన ఇళ్ళలో చిన్ననాటి నుంచీ వింటూనే ఉంటాం. పొరుగువాడంటే పక్కింటివాడే అనుకుంటాం. మన సరుకు మోసుకెళ్ళే బండి ఎవరి కిటికీ కింద నుంచి పోతుందో వారూ మనకు పొరుగువారే అన్న ఆలోచన నాకు కౌబ్‌లో కలిగింది. రైలును అందమైన బొమ్మగా చూసేవారికీ, జీతంగా చూసేవారికీ, చెదిరిన నిద్రగా చూసేవారికీ మధ్య నుంచే ఆ బండి పోతోంది. ముగ్గురిలో ఏ ఒక్కరి చూపూ అబద్ధం కాదు. కానీ ఇంజను దగ్గరే చూపు ఆపేసినవారికి మిగతా ఇద్దరూ కనిపించరు.

సెలవులు ముగిశాక ఇంటికి వచ్చి, అబ్బాయి తీసిన వందల బొమ్మల్లోంచి కొన్నింటిని అచ్చు వేయించాం. నది నడుమ తెల్లని కోట, దాని వెనుక ఎర్రని ఇంజను ఉన్న బొమ్మను చూసి బంధువులందరూ మెచ్చుకున్నారు. దాన్ని హాలులో పెట్టాం. అబ్బా తన గదికి వేరొక బొమ్మ అడిగి తీసుకున్నారు. అందులో ఇంజను లేదు. ఉక్కు చుట్టలు మోసే చివరి పెట్టె, దాని వెనుక ఎరుపు తెలుపు పలకలు రెండు, మలుపులో వంగిన ఖాళీ పట్టాలు. ఛాయాచిత్రంగా దానికి పెద్ద విలువ లేకపోవచ్చు. దాని కింద అబ్బా తన చేతిరాతతో సమయం, పెట్టెల సంఖ్య రాశారు. ఆ పక్కన మనుమడు ఇంజను నంబరు రాశాడు.

ఇప్పుడు ఆదివారాలు అసర్ నమాజు తర్వాత తాతామనుమలు కాజీపేట స్టేషను ప్లాట్‌ఫారం చివరి బల్ల దాకా నడిచి వెళ్తున్నారు. ఏం మాట్లాడుకుంటారో నేను అడగలేదు. తిరిగి వచ్చేసరికి ఒక్కోసారి మగ్‌రిబ్ వేళ అవుతుంది. ఆలస్యమైందేమని అడిగితే ఇద్దరిదీ ఒకటే జవాబు: బొగ్గుబండి వచ్చింది, అది పూర్తిగా దాటేదాకా ఆగాం.